నాన్న పైపు కోసం రేగు దుంగ: చంద్రపూర్ నుంచి గోండ్‌పిప్రి దాకా

మా నాన్న రాజన్న పద్మాపూర్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. చుట్ట కాల్చేవాడు. గనిలో ఒక పెద్దసారు చేతిలో పొగాకు పైపు చూసినప్పటి నుంచి, అలాంటిది తన చేత్తో చెక్కుకోవాలని ఆశపడ్డాడు. గోండ్‌పిప్రిలో వడ్రంగి పనిచేసే స్నేహితుడు సాయన్నతో ఆ మాట చెప్పుకున్నాడు కూడా. పోయిన చలికాలం ఒక పొద్దున పాలకు వెళ్లి, గల్లీ మలుపులోనే గుండె ఆగి పడిపోయాడు. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, పోయినవాళ్ల ఫొటో ముందు వాళ్లకు ఇష్టమైనవి పెడతాం. ఈసారి నాన్నకు ఆ పైపు నేనే చెక్కి పెట్టాలనుకున్నాను. బడిలో డ్రాయింగ్, చేతిపనులు చెప్తాను కాబట్టి చెక్కుడు కత్తి కొత్త కాదు. కట్టె సంగతే బొత్తిగా తెలియదు. అందుకని సాయన్న కాకను వెతుక్కుంటూ బయల్దేరాను. నాన్న లేడన్న కబురు ఆయనకు చేరలేదు. నంబర్లన్నీ నాన్న నోటికే ఉండేవి, ఫోనేమో ఆయనతో పాటే కిందపడి పగిలిపోయింది.

వానలు తగ్గిన ఒక ఆదివారం పొద్దున్నే చంద్రపూర్ స్టాండులో ఎర్ర బస్సెక్కాను. బల్లార్‌పూర్, కోఠారీ మీదుగా దాదాపు రెండు గంటల దారి. ఆడవాళ్లకు సగం టికెట్టే. కోఠారీ దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు, వాటి మధ్య మధ్య వరి మళ్లు. కిటికీ పక్కనే కూర్చున్నా నాకేవీ ఎక్కలేదు. ఆ ముసలాయనకు ఈ మాట ఎట్లా చెప్పాలన్నదే దారంతా ఆలోచన. దిగాక స్టాండు ముందు బండి మీద పోహా తింటూ వడ్రంగి సాయన్న ఇల్లు అడిగాను. "సుతార్ సాయన్ననా? గా పిండిగిర్నీ ఎన్కనే. రందా చప్పుడు వినొస్తది, పో అక్కా" అన్నాడు పోహా అబ్బాయి.

చప్పుడు నిజంగానే వినిపించింది. రేకుల పందిరి కింద తలుపు చెక్కను రందాతో చిత్రిక పడుతున్నాడు కాక.

"కాకా, నేను చంద్రపూర్ రాజన్న బిడ్డను."

"సుజాతవా! గింతున్నప్పుడు సూసిన. ఏడి వాడు? ఎన్ని దినాల సంది ఫోన్ చేసినా కలుస్తలేదు. నా మీద అలిగిండా ఏంది?" నవ్వుతూ నా వెనక గేటు వైపు చూశాడు.

"నాన్న లేడు కాకా. చలికాలంలనే పోయిండు."

ఆయన రందా పక్కన పెట్టలేదు. దాని మీదే రెండు చేతులూ ఆనించాడు. "నేనీడ తిట్టుకుంటున్న బిడ్డా. పెన్షనొచ్చినంక దోస్తును మరిసిండని దినాం తిట్టుకుంటున్న" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. లోపలి నుంచి కాక భార్య వచ్చి నా చేతిలో నీళ్ల చెంబు పెట్టింది.

నేను వచ్చిన పని చెప్పాను. కాక లేచి అటక మీద నుంచి గోనెసంచి దించాడు. అందులో పిడికిలి కంటే కాస్త పెద్ద దుంగ ముక్కలు రెండు. ఇంటి వెనక రేగు చెట్టు గాలికి పడితే కోసి, మూడేళ్లుగా నీడలో ఆరబెట్టాడట. "టేకు నునుపొస్తది గని నూనె కట్టె, నిప్పు తాకితే వాసన కొడ్తది. రేగు గట్టిది, తొందరగ కాలదు. ఒకటి వానికి, ఒకటి నాకు అనుకున్న. ఇద్దరం ఈడనే కూసొని చెక్కుదామనుకున్నం."

ఎర్రటి చారలు సుడి తిరిగినది నాకు నచ్చింది. నాన్న కోసం పెట్టింది అదేనట. కాక నోట్లో వేలు తడిపి దాని కోసిన చివర రాశాడు. తడి ఒక సన్నగీత వెంబడి లోపలికి ఇంకింది. "లోపల పగులున్నది. నిప్పు పడితే రెండు చెక్కలైతది." దాన్ని పక్కన పెట్టి రెండోది నా ఒళ్లో పెట్టాడు. చారలు తిన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. ముడి ఒక్కటీ లేదు.

"ఇది నాది. తీస్కపో."

"మరి నీకు?"

"నాకెందుకు బిడ్డా? ఒక్కన్ని కూసొని ఏం చెక్కుత?"

జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, మధ్యాహ్నం బస్సుకు తనే వచ్చి ఎక్కించాడు.

పెత్రమాస నాటికి పైపు తయారైంది, ఒక పక్కకు కొంచెం ఒరిగింది. కాక ఆ రోజు చంద్రపూర్ వచ్చాడు. పొగాకు నింపి ముట్టించి, ఒక్క దమ్ము లాగి నాన్న ఫొటో ముందు పెట్టాడు. నాన్న బతికినన్నాళ్లూ పొగ పడక ఆయనను వాకిట్లోకి తరిమిన అమ్మ, లేచి వెళ్లి కిటికీ రెక్కలు మూసింది. పొగ బయటికి పోకుండా.

ఆ ప్రయాణం దాకా నాన్న పోవడం మా ఇంటి దుఃఖమే అనుకున్నాను. ఇంకో ఊళ్లో ఒక మనిషి మనసులోనే ఆయనతో పోట్లాడుతూ, ఎదురుచూస్తూ ఉన్నాడని నాకు తట్టలేదు. ఆ ఆదివారం నా మాటతో కాకకు ఆ ఎదురుచూపు కూడా లేకుండా పోయింది. వెళ్లకుండా ఉంటే బాగుండేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. తేల్చుకోలేను.

మొదటి పైపు చెక్కబోయేవాళ్లకు ఒక్క మాట: దుంగ తెచ్చిన రోజే కత్తి పెట్టకండి. కాగితంలో చుట్టి మీ ఇంటి నీడలో కొన్ని వారాలు ఉండనివ్వండి. కొత్త చోటి గాలికి కట్టె సర్దుకోవడానికి ఆమాత్రం సమయం పడుతుంది.