తలుపు వెనక కోటు

వోంజు ఊళ్ళో, ఆ మెట్ల వీధిలో చలికోట్లు ఎప్పుడు తీసెయ్యాలో చెప్పేది ఓక్బున్ మామ్మే. మార్చి వచ్చిందంటే పొద్దున్నే డాబా మీది సోయా సాసు జాడీ మూతకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడుతుంది. కింద ఆడవాళ్ళు తలలెత్తి చూస్తుంటారు. "ఆగండర్రా! పూలని చూసి కుళ్ళుకునే చలి ఇంకోటి రావాలి," అంటుంది. ఏదో ఒకరోజు "ఇక లాండ్రీకి వేసెయ్యండి" అందంటే, సాయంత్రానికి లాండ్రీ కొట్టు నిండా బాతు ఈకల కోట్లే.

ఈ ఏడు ఆ మాట ఇరవయ్యో తారీఖున అంది. నాలుగో రోజు తెల్లారేసరికి మెట్ల పక్క పసుపు పూలగుత్తుల మీద మంచు! మామ్మకి బీపీ మాత్రలు అయిపోయాయి, బయటికి వెళ్ళక తప్పదు. తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చింది. కోటు అక్కడే ఉంది. ఏ ఏడూ తన కోటు మాత్రం మే నెల దాకా లాండ్రీకి వెయ్యదు. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలీదు. తొడుక్కోబోయి ఆగిపోయింది. ఏ మొహం పెట్టుకుని తొడుక్కుంటుంది? పల్చటి స్వెట్టరుతోనే మెట్లు దిగింది.

మలుపులో కింబాప్ అన్నం చుట్టలు అమ్మే కుమ్జా, రెండు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని వణుకుతోంది. మామ్మ తల వంచుకుని దాటిపోబోయింది.

"ఏం మామ్మా, జాడీ మోసం చేసిందా?" అని నవ్వి, కుమ్జా తన జేబులోంచి చేతులు కాచుకునే వేడిపొట్లం తీసి మామ్మ గుప్పిట్లో కుక్కింది. "ఉంచుకో. నీ మాట నమ్మి మేమే కాదు, నువ్వూ మునిగావు పాపం."

మామ్మ మాత్రలు కొనుక్కుని ఇంటికొచ్చి ఆ పొట్లాన్ని తలుపు వెనక కోటు జేబులో పడేసింది. సాయంత్రం దాకా ఆ జేబు వెచ్చగానే ఉంది. మామ్మ మాత్రం, వేస్తే వెనకున్న కోటు కనపడుతుందని, ఆ తలుపు వెయ్యలేదు.