ట్రెస్‌పాస్ అంటే ఏంది బిడ్డా?

నేను వికారాబాద్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నప్పటి సంగతి. ధారూర్ దగ్గర మా చేను పక్కనే ఒక పట్నం ఆయన ఫాంహౌస్ కట్టుకున్నాడు. ఒకరోజు మా మేక ఆయన గేటులోకి దూరితే, అమ్మ దాని వెనకే వెళ్లింది. "ఇది ట్రెస్‌పాస్! పోలీసులకు పట్టిస్తా" అని అరుస్తూ, ఆయన పనివాళ్ల చేత అమ్మను బయటికి నెట్టించాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది.

"ట్రెస్‌పాస్ అంటే ఏంది బిడ్డా?"

"అడగకుండ ఇంకొకరి హద్దు దాటి పోవుడు."

"మరి గాయన గోడ మన చేన్లకు జరిపి కట్టిండు గదా, గది గూడ గంతేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే సర్వేకు దరఖాస్తు పెట్టాను. కొలిస్తే, తాండూరు బండలతో కట్టిన ఆ గోడ ఆరడుగులు మా చేనులోనే ఉంది.

"కూర్చొని మాట్లాడుకుందాం, ఎంత కావాలో చెప్పమ్మా" అన్నాడాయన నాతో మెత్తగా.

ఊరివాళ్లందరూ వింటుండగా, "ఇది ట్రెస్‌పాస్ సార్. ముందు మా అమ్మకు దండం పెట్టండి, తర్వాత గోడ తీయించండి" అన్నాను.

రెండూ చేశాడు. "సాలు తియ్, ఇంటికి పోదాం" అని అమ్మ బతిమాలినా, ఆఖరి బండ పడేదాకా నేను కదల్లేదు. క్షమించి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపించలేదు.