అగ్గిపెట్టెలో బదనికలు

కందిరీగ అంటే కుట్టేదని మా ఉద్దానంలో అందరికీ తెలుసు. మనల్ని కుట్టకుండా, జీడితోటలో గూడు పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి, దాన్ని లోపల్నుంచి తినేసే కందిరీగలుంటాయని మాత్రం నాకు ఫోను చేతికొచ్చాకే తెలిసింది. ఆకునీ పూతనీ కలిపి గూడు కట్టుకుని తినే ఆ పురుగంటే నాకు ఒళ్లుమంట. దాని శత్రువు మనకి చుట్టమే కదా! కనబడిన ప్రతి కందిరీగనీ ఫొటో తీసి, పురుగుల పేర్లు చెప్పే గ్రూపులో పెట్టేదాన్ని. ఇలా పురుగుల్ని తినే కందిరీగల్ని బదనికలంటారని వాళ్లే చెప్పారు.

ఆ మాట విని మా అక్క మొగుడు పడీ పడీ నవ్వాడు. గట్టుకి అటువైపు తోట వాళ్లది, ఇటువైపుది నాది.

"బదనికంటే మామిడి సెట్టెక్కి దాన్నే తినేసే మొక్క గదే మరదలా! అది మంచిదెలాగవుతాది?"

"ఇది సెట్టుని తినదు బావా. సెట్టుని తినేదాన్ని తింటాది."

నవ్వితే నవ్వాడు గానీ, నేను ఫొటో తీస్తుంటే కొమ్మ వంచి పట్టుకునేది ఆయనే.

ఈ ఏడు పూతలో కొత్తది కనబడింది. ఒళ్లంతా నారింజ రంగు, రెక్కల చివర నలుపు, ఒంటికంటే పొడుగు సూదితోక. గ్రూపులో ఎవరూ పేరు తేల్చలేకపోయారు. ఫొటోలో రెక్కల నరాలు కనబడటం లేదు, ఒకదాన్ని పట్టి పంపమన్నారు. చంపడానికి నాకు మనసొప్పలేదు. పలాసలో ఫోనుకి తగిలించే భూతద్దం దొరుకుతుందంటే, అది తెచ్చి బతికుండగానే తీద్దామనుకున్నాను. అంతదాకా మందు కొట్టొద్దని బావని బతిమాలాను. నా నెత్తిన చెయ్యేసి, "నీ మీదొట్టు, కొట్టను" అన్నాడు.

పలాస వెళ్లే రోజు, ఎన్నడూ లేనిది, బస్సు దాకా తనే బండి మీద దింపాడు. ఎంత మంచి బావో అని మురిసిపోయాను. నా మొహం!

బస్సు దిగి గట్టు దగ్గరికొచ్చేసరికే మందు వాసన గుప్పుమంది. తోటలోకి పరిగెత్తాను. ఆకులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఎగిరేది ఒక్కటి లేదు. ఒట్టేసిన నాటికే టెక్కలి నుంచి తెచ్చిన మందు వాళ్లింట్లో ఉందట. అక్క తలెత్తకుండా చెప్పింది.

"నీ సెట్లకి కొట్టలేదే. సముద్రపు గాలి అటు తోస్తే నేనేటి సేత్తాను? పూత పోతే నీ ఈగలు కూడెడతాయేటి?" అన్నాడు బావ.

పూత గురించి భయం నాకు మాత్రం లేదా? చెప్పి కొట్టుంటే పోట్లాడి ఊరుకుందును. బండెక్కించి, ఊరు దాటించి మరీ కొట్టాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

మర్నాడు పొద్దున్నే వచ్చి జేబులోంచి అగ్గిపెట్టె తీసిచ్చాడు. తెరిస్తే లోపలంతా నారింజ రంగు. చెట్ల కింద ఏరాడట.

"ఆళ్లు పురుగే కావాలన్నారు గదా. ఇయిగో, బోలెడు!" అన్నాడు, మేలు చేసినవాడిలా.

కొత్త భూతద్దంలో రెక్కల నరాలు ఎంత చక్కగా కనిపించాయో! ఫొటోలు తీస్తూనే ఏడ్చాను. గ్రూపులో మాత్రం పెట్టలేదు. చచ్చినవాటికి పేరెందుకు?

సాయంత్రం వాళ్లింటికి వెళ్తే, బావ టీ తాగుతూ అడిగాడు.

"పేరు సెప్పినారేటి?"

"సెప్పినారు. బదనికంట."

"అది తెలిసిందే గదా. ఏ రకం?"

"నమ్మి ఎక్కనిచ్చిన సెట్టునే తినేసే రకం."

నవ్వబోయాడు. అక్క మొహం చూసి ఆగిపోయాడు.