పక్కింటివాళ్లకు తెలియని ఆపరేషన్

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో మేం గురజాలలో ఉండేవాళ్లం. మావారు డాక్టరు. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఆయన పాత కారు కొన్నారు. పల్లెలకు వెళ్లి వైద్యం చేసి రావడానికి బాగానే పనికొచ్చేది గానీ, ఎక్కడ ఆపితే అక్కడ నల్లటి నూనె కార్చేది. వాకిట్లో పరిచిన నాపరాళ్ల నిండా మరకలే. అత్తయ్య బూడిద చల్లి, కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది విసిగిపోయింది.

"దీనికి కారని పేరెవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టార్రా. కారతానే ఉంది" అనేది కొడుకుతో.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే మావారు చొక్కా విప్పి పంచె ఎగ్గట్టారు. కారు ముందుభాగాన్ని జాకీతో లేపి, కింద బండలు పేర్చి, పాత నూనెను ఒక గిన్నెలోకి వంపారు. ఇంజను అడుగున నూనె నిలిచే రేకుతొట్టి ఒకటి ఉంటుంది. బోల్టులు విప్పి దాన్ని దించగానే, నూనె కారకుండా దానికీ ఇంజనుకూ మధ్య ఉండాల్సిన అట్ట ప్యాకింగు పొడిపొడిగా రాలిపోయింది.

"ఇంకేముంది! ఈ బండి ప్యాకింగు గుంటూరులో కూడా దొరకదు" అంటూ ఆయన నేలమీద చతికిలబడ్డారు.

కాసేపటికి మందుల పార్సిలు తాలూకు దళసరి అట్ట తెచ్చి, కంటి అంచనాతో కత్తిరించారు. ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క సన్నం. సర్దబోతే చిరిగింది. ఇంట్లో రవికలన్నీ కుట్టేది నేనే. ఆ అట్ట వాలకం చూసి నవ్వాపుకోలేక, "ఇలా ఇవ్వండి. మీ కత్తెర రోగుల దగ్గరే పనిచేసేట్టుంది" అన్నాను.

తొట్టి అంచుకు నూనె రాసి, పైన కొత్త అట్ట పరిచి అరచేత్తో అదిమాను. అంచూ, బోల్టుల బెజ్జాలూ అచ్చు పడ్డాయి. రవిక మెడ తిప్పినట్టే మూలలు తిప్పుతూ కత్తిరించాను. చక్కగా అమరింది.

ఇక బిగించాలి. మావారు భారీ మనిషి. వెనక బోల్టుల దాకా ఆయన చెయ్యి దూరలేదు. కొంగు నడుముకు చుట్టి, గోనెపట్టా పరుచుకుని నేనూ కారు కిందికి దూరాను. వంటింట్లోంచి వచ్చిన అత్తయ్యకు మా కాళ్లే కనిపించాయి.

"ఏమే! ఏందే ఈ పని? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"ఎవరూ చూడకుండా తలుపేయండి అత్తయ్యా!"

గొణుక్కుంటూనే వెళ్లి ప్రహరీగోడ పెద్ద తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అంతలో పక్కింటి పిన్ని తలుపు తట్టింది.

"వదినా, ఏందా చప్పుళ్లు? అబ్బాయి ఇంట్లో లేడా?"

"ఉన్నాడు. ఆపరేషన్ చేస్తన్నాడు. ఇప్పుడు తలుపు తియ్యగూడదు."

"అయ్యో, ఎవరికి?"

"ఒక ముసల్దానికి. కోడలు సాయం పడతంది."

"బతుకుద్దా?"

"నెత్తురు చానా పోయింది. చూడాల."

కారు కింద నవ్వలేక చస్తుంటే, పైనుంచి ఒక నూనెచుక్క నా ముక్కుమీద పడింది. "అమ్మో!" అని అరిచాను.

"మత్తు దిగినట్టుంది. నువ్వు పో వదినా" అంది అత్తయ్య తొణక్కుండా.

కొత్త నూనె పోసి ఇంజను ఆడిస్తే, ఒక మూల మళ్లీ కారింది. మావారి మొహం చిన్నబోయింది. ఆయన వైపు బోల్టులన్నీ ముందే గట్టిగా బిగించేయడంతో నా వైపు అట్ట లేచింది. అన్నీ వదులు చేసి, ఇటొకటి అటొకటి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాం. ఈసారి చుక్క రాలలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని ముసలమ్మ కోసం గిన్నెడు జావ కాచి తెచ్చింది. అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్లి, "అదిగో, కోలుకుంది" అంది. పిన్ని కాసేపు తెల్లబోయి, ఆ తర్వాత కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వేడివేడి జావ నేను తాగాను.

ఆ సాయంత్రం, అంతవరకూ కారు ముట్టని అత్తయ్య ముందు సీట్లో కూర్చుంది. పిన్నీ, నేనూ వెనక ఎక్కాం. ఊరి చివర అత్తయ్య కారు ఆపించి, "ఒరేయ్, దిగి కింద చూడు" అంది.

మావారు వంగి చూసి లేచారు. "పొడిగా ఉందమ్మా."

"అయితే మాచర్ల దాకా పోనియ్యి."

రేషను పెట్రోలును పొదుపుగా వాడుకునే మావారు ఆ రోజు బండిని నేరుగా మాచర్ల దారి పట్టించారు.