కోచ్ ఇంట్లో అడిగి చెప్తానన్నాడు

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తాను. చిత్తూరు బెల్లం మండీలో ముప్పై ఏండ్లుగా వేలం పాట పాడతా ఉండాను. రైతులు బెల్లం దించితే ఆ కుప్ప ముందర నిలబడి ధర అరిచేది నా పని. ఈ కొసన నేను అరిస్తే ఆ కొసన లారీ కింద పండుకున్న డ్రైవరు లేచి కూర్చోవాల. నేను ఇంట్లో ఉప్పడిగితే పక్కింటామె తెచ్చిస్తుందని నా భార్య ఎకసెక్కాలాడుతుంది. ఆ గొంతే ఆదివారమొస్తే మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఊడిగం చేస్తుంది.

మా క్లబ్బు గురించి గొప్పలు చెప్పుకునేదానికేమీ లేదు. రైలు గేటు అవతల ఒక గ్రౌండు, నాలుగు వరసల సిమెంటు మెట్లు. మధ్యాహ్నం దాకా మేకలు, సాయంత్రం మా పిలకాయలు. పోయినేడు జిల్లా లీగులో ఆడిన మ్యాచులన్నీ ఓడిపోయినాం. అన్నీ అంటే అన్నీ. కడాకు కోచ్ కూడా ఒక దినం మెడలో విజిలు తీసి టీ అంగడి బల్ల మీద పెట్టి, ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చిందని చెప్పి వెళ్లిపోయినాడు. పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్లని మొత్తుకుంటాడు? కొత్త కోచ్ దొరక్కపోతే ఈ ఏడు లీగులో పేరియ్యము, జట్టు ఎత్తేస్తామని కమిటీవాళ్లు తేల్చేసినారు. ఆ మాట విన్న దినం నాకు సంగటి ముద్ద గొంతు దిగలేదు.

గ్రౌండు ముందరుండే ఆ టీ అంగట్లో మేము ముగ్గురం పొద్దున్నే కలుస్తాం. నేను, రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన, టైలరు ఒకాయన. ముగ్గురమూ పుట్టి బుద్ధెరిగినాక బంతిని కాలితో తన్నినోళ్లం కాదు. తన్నేవాళ్లకు బుద్ధులు చెప్పేవాళ్లం. కోచ్ పోయినప్పట్నించి మాకు ఇంగొక పని లేదు. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో దినానికొక పుకారు. కేరళ నుంచి ఒకాయన వస్తా ఉండాడంట. కాదు, కలకత్తా ఆయనంట. ఒక దినం ఎవరో తెల్లోడి ఫోటో పెట్టి 'మన కొత్త కోచ్' అని రాసినారు. టైలరు ఆ ఫోటోను సాగదీసి సాగదీసి చూసి, "ఈయప్పకు మన కారం పడతాదా?" అని నిజంగానే దిగులుపడినాడు. తీరా చూస్తే అది గడ్డం సబ్బు ప్రకటనలో బొమ్మ.

అసలు కబురు కండక్టరు తెచ్చినాడు. మన క్లబ్బులో ఆడిన మనిషే, డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరై సూళ్లూరుపేటలో ఉండాడు, ఆయన చేతికిందికి పోయిన బడిపిల్లలు యాడికిపోయినా కప్పు తేకుండా రారు అన్నాడు. ఫోన్ చేసి అడిగినాడంట కూడా.

"ఏమన్నాడు?" అన్నాం ఇద్దరమూ.

"ఇంట్లో అడిగి చెప్తానన్నాడు."

ఆ మనిషి ఎవరో నాకు గుర్తొచ్చింది. గుర్తు రాకపోయేదేంది, ముప్పై ఏండ్లుగా నేను పదిమందిలో చెప్పి నవ్వించే కథలో ఆయనే గదా హీరో! అప్పట్లో ఫైనలు మ్యాచి. ఊరంతా గ్రౌండులోనే ఉండాది. ఆఖరి నిమిషంలో మాకు పెనాల్టీ వచ్చింది. ఈయన వచ్చి కొట్టినాడు, బంతి గోలు మీదుగా పోయి రైలు కట్టకాడ తుమ్మచెట్లలో పడింది. గ్రౌండంతా సద్దు లేదు. ఆ సద్దు లేనప్పుడు నేను లేచి, మండీ గొంతుతో, "ఒరేయ్! మా ఇంటి పాడి ఎనుమును తోలుకొచ్చి నిలబెట్టింటే అదైనా కాలు సరిగ్గా ఇసిరేది గదరా!" అన్నాను. అబ్బా, ఏం నవ్వులు! ఓడిపోయిన బాధ మరిచి జనం పడీపడీ నవ్వినారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన బజార్లో పోతా ఉంటే పిలకాయలు ఎనుము మాదిరి అరిచేవాళ్లు.

టీ అంగట్లో ఆ కథ మళ్లీ చెప్పి నేనే నవ్వినాను. కండక్టరు నవ్వలేదు. టైలరు గ్లాసులోకి చూస్తా, "ఆయన వస్తే కొండకు పోయి గుండు కొట్టిస్తామని మొక్కుకున్నానబ్బా," అన్నాడు. మంచిదేగా అన్నాను. "నాకు బట్టతల గదా, అందుకని నీ జుట్టు మొక్కినాను," అన్నాడు. ఎదుటోడి జుట్టు స్వామికి మొక్కే మొనగాణ్ణి నేను యాడా చూడలేదు.

వారమైంది. కబురు లేదు. కబురు లేకపోవడం కాదు, నేనొస్తే వీళ్లిద్దరూ మాట మార్చేస్తా ఉండారు. "ఫోనొచ్చిందా?" అంటే కండక్టరు, "ఈ ఏడు మామిడి పూత బాగుండాది," అంటాడు. ఒక దినం నాకు ఒళ్లు మండి, "నాతో చెప్పేది లేకుంటే నా టీ నేను వేరే అంగట్లో తాగుతాను!" అని అరిచి వచ్చేసినాను. ఇంట్లో కూడా అదే రుసరుస. నా భార్య అన్నం వడ్డిస్తా వడ్డిస్తా గంటె పక్కన పెట్టి చెప్పింది. కండక్టరు ఇంటామె ఈమెకు చెప్పిందంట. మొగోళ్లు దాచిన కబురు ఆడోళ్ల దగ్గర ఎన్నాళ్లు దాగుతాది?

"ఆయన వస్తాడంట. ఆ ఎనుము మాటన్న మనిషి గ్రౌండులో అడుగు పెట్టకుంటేనే వస్తాడంట. నీకు ఎట్లా చెప్పాలో తెలీక వాళ్లు చస్తా ఉండారు."

ముందు నాకు కోపమే వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాల? "ముప్పై ఏండ్ల నాటి మాట! ఆటలో ఓడిపోతే తిట్టకుండా పూలు చల్లుతారా?" అని గంతులేసినాను. ఆమె నెమ్మదిగా, "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా నాయన అనేవాడు," అని మజ్జిగ పోసింది. ఆమె నాయనను మధ్యలోకి తెస్తే నేను ఓడిపోయినట్లే లెక్క.

ఆ రెండు దినాలు మండీలో నా పాట పస లేకుండా పోయింది. ఆలోచన చేసేకొద్దీ ఒక్కొక్కటీ గుర్తొస్తా ఉండాది. ఆ ఫైనలు తర్వాత ఆయన మళ్లీ మా క్లబ్బు చొక్కా వేసుకోలేదు. ఆ ఏడే బదిలీ పెట్టుకుని పోయినాడు. అది నాకు తెలుసు. తెలిసీ, ఎందుకు పోయినాడని ఒక్కసారి గూడా అనుకోలేదు. పెండ్లిళ్లలో, బస్సుల్లో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. సిగ్గయింది. అదే సమయంలో ఆదివారం గ్రౌండుకు పోకుండా ఇంట్లో కూర్చోవడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. రెండూ నిజమే.

మూడో దినం ఒక బెల్లం ముద్ద, కొత్త పాకం, బంగారు రంగుది, గుడ్డలో మూట గట్టుకుని తెల్లవారే బస్సెక్కినాను. ఎవరికీ చెప్పలేదు. తిరుపతిలో దిగి ఇంగొక బస్సు పట్టుకుని సూళ్లూరుపేట చేరేటప్పటికి ఎండ నెత్తికెక్కింది.

ఇల్లు స్టేషను దగ్గర. ఆయనే తలుపు తీసినాడు. జుట్టు నెరిసినా మనిషి వెదురుబొంగు మాదిరి నిటారుగా ఉండాడు. నేను పేరు చెప్పేలోగా నవ్వి, "గొంతు వినకుండానే తెలిసిందప్పా, రా," అన్నాడు. బెల్లం మూట ఆయన చేతికిచ్చి, కూర్చోకుండానే అనేసినాను. తప్పయిపోయింది, నేనిక గ్రౌండుకు రాను, మీరు వచ్చి జట్టును నిలబెట్టండి అని. ఆయన ఇబ్బందిగా వంటింటి వైపు చూసినాడు.

"నేనెప్పుడో వదిలేసినానప్పా. ఆడేవాడికి తిట్లు మామూలే. ఆ షరతు నాది కాదు."

వంటింట్లోనుంచి ఆయన భార్య వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరేనా?" అంది. "ఆ దినం నేనూ ఉన్నాను గ్రౌండులో. మాకు పెళ్లై మూడు నెలలు. మా ఆయన ఫైనలు ఆడతాడని పెళ్లిచీర కట్టుకుని వచ్చాను. మీరు ఆ మాటన్నప్పుడు నా పక్కన కూర్చున్న ఆడోళ్లందరూ నవ్వారు. నవ్వి, నా వైపు తిరిగి చూశారు. నేనేం చెయ్యాలో తెలీక నేనూ నవ్వాను. అదే నాకు ఇప్పటికీ కడుపులో మండేది. మా ఆయన్ని చూసి నేనూ నవ్వాను."

ఆ మెట్ల మీద పెళ్లిచీర కట్టుకుని ఒక పిల్ల కూర్చోనుంటుందని ముప్పై ఏండ్లలో ఒక్కసారన్నా తట్టిందా నాకు?

"ఆ దినం ఏమన్నారో ఇప్పుడు చెప్పండి. ఇక్కడ, మా ఇంట్లో," అంది.

నోరు తెరిచినాను. ఊరంతా వినేట్టు అరిచిన మాట, నాలుగు గోడల మధ్య ఒక మనిషి ముందర అనలేకపోయినాను. తల వంచుకుని, "వద్దు తల్లీ," అన్నాను. ఆమె లోపలికి పోయి ఆకు వేసి అన్నం పెట్టింది. పెట్టింది గానీ మాట్లాడలేదు. చేపల పులుసు చాలా బాగుండాది, ఆ సంగతి చెప్పేదానికి కూడా భయమేసింది.

వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చింది. "ఆయన వస్తారు. మీరూ రండి. నేనూ వస్తాను మ్యాచికి, మీ పక్కనే కూర్చుంటాను. నోరు తెరిస్తే మాత్రం ఆయన్ని ఆ నిమిషమే తీసుకొచ్చేస్తా," అంది.

బస్టాండులో ఫోన్ తీస్తే కండక్టరు కాల్స్ వరసగా ఉండాయి. పొద్దుటినుంచి వాళ్లు టీ అంగట్లోనే కూర్చోనుండారంట, అటు కోచ్ కబురూ లేదు, ఇటు నా కబురూ లేదు. "యాడ చచ్చినావబ్బా?" అన్నాడు. సూళ్లూరుపేటలో అన్నాను. "వస్తాడు," అన్నాను. అంతే, ఫోన్లో ఒకటే గోల. ఆ గోలలో టైలరు గొంతు ఒక్కటి గట్టిగా వినబడింది. "గుండుకు ఎప్పుడు పోదాం?"

మొదటి మ్యాచికి నేను నున్నటి గుండుతో పోయినాను. ఒకపక్క నా భార్య, ఒకపక్క గొడుగు పట్టుకుని కోచ్ ఇంటామె. పోలీసుల మధ్య దొంగ మాదిరి కూర్చున్నాను. కొత్త కోచ్ వచ్చి రెండు నెలలే అయినా మా పిలకాయల ఆట మారింది. బంతిని ఒకరికొకరు అందిస్తా ఉండారు! అట్లాంటిది మా గ్రౌండులో చూసి ఎన్నేండ్లైందో. అయినా ఒక గోలు తిన్నాం. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. నా గొంతు లేకపోతే మెట్ల మీద జనానికి ఎప్పుడు అరవాలో తెలీడం లేదు. అందరూ దిక్కులు చూస్తా ఉండారు.

ఆఖర్లో పెనాల్టీ వచ్చింది. మాకే. రైలు కట్ట వైపుండే ఆ గోలుకే.

మా ఫార్వర్డు, పాలిటెక్నిక్ చదివే పిల్లోడు, బంతి పెట్టినాడు. పరిగెత్తి వచ్చి కొట్టినాడు. అది గోలు మీదుగా పోయి తుమ్మచెట్లలో పడింది.

పిల్లోడు ఆడనే మోకాళ్ల మీద కూలబడి మొగం మూసుకున్నాడు. గ్రౌండంతా సద్దు లేదు. పాతవాళ్లందరూ తిరిగి నన్నే చూస్తా ఉండారు. కండక్టరు కండ్లతోనే వద్దు వద్దు అంటా ఉండాడు. గీత అవతల కోచ్ మాత్రం కదలకుండా పిల్లోణ్ణి చూస్తా నిలబడినాడు. నేను తల దించుకున్నాను.

పక్కనుంచి ఆమె మోచేత్తో పొడిచింది. "ఏందన్నా, గమ్మున కూర్చున్నావు? అరువు."

నాకు అర్థం కాలేదు. "ఏమని అరిసేది తల్లీ?"

"ఆ దినం ఏమని అరిచి ఉంటే బాగుండేదో, అది అరువు."

తువ్వాలు తీసి లేచినాను. "పోతే పోనీరా నాయనా!" అన్నాను. మండీ గొంతు మండీ గొంతే. "పోనీరా! వచ్చే ఆదివారం కొడుదువు! లెయ్యి, లేచి రా, మేమందరం ఈడే ఉండాం!"

పిల్లోడు మొగం మీంచి చేతులు తీసినాడు. మెట్ల మీద జనం చప్పట్లు అందుకున్నారు. కోచ్ వెనక్కి తిరిగి మా వైపు చూసినాడు, ముందు నన్ను, తర్వాత ఆమెను. చూసి, టోపీ సర్దుకునేట్టు మొగానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఓడిపోయినాం, ఒకటే గోలు తేడా. జనం దిగిపోతా ఉంటే ఆమె గొడుగు మూసి, నువ్వు తెచ్చిన బెల్లం అయిపోయిందన్నా, ఆదివారానికి ఇంగొక ముద్ద పట్టుకురా అంది.