తొమ్మిదో చుక్క

నా చిన్నప్పుడు నేను రాసిన ఒక దొంగ అంకె ఈమధ్య మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. మిర్యాలగూడలో డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్న మా మనవరాలు తన కెమిస్ట్రీ రికార్డు చూపించింది. అట్టకు రంగు కాగితం, గీతలకు స్కెచ్ పెన్ను, చుక్కలు కొలిచే బ్యూరెట్ గొట్టం బొమ్మ ముత్యంలా ఉంది. లోపల రీడింగు మాత్రం క్లాసులో అందరికీ ఒకటేనట, దశాంశంతో సహా! ఇన్ని చేతులు, ఇన్ని గాజు గొట్టాలు, ఒక్క చుక్క తేడా లేదు. సీనియర్ల రికార్డు చూసి ముందే దించేసుకుని, ఆ తర్వాత తీరిగ్గా ప్రయోగం చేస్తారట. దీన్ని చదువంటున్నారు!

“అందరు గదే రాస్తరు నాయనమ్మా. ఎవ్వరు సూడరు,” అంది.

ఎవరూ చూడరన్న ధీమా పదేళ్ల వయసులో నాకూ ఉండేది.

మాది చివ్వెంల. మా పక్కింటి అక్క బస్సులో సూర్యాపేట వెళ్లి బీఎస్సీ చదివేది. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. యాసిడ్ చుక్కలకు చిల్లులు పడిన ఓణీని కూడా ఆమె గొప్పగా వేసుకుని తిరిగేది. రంగు లేని నీళ్లు ఒక్క చుక్కకే గులాబీ రంగుకు తిరుగుతాయని చెప్పి నన్ను ఊరించేది. నాకు ఆ ల్యాబు చూడాలని ఒకటే పిచ్చి. వెంటపడగా వెంటపడగా ఒక షరతు పెట్టింది. ఇంట్లో ఒక ప్రయోగం సరిగ్గా చేసి చూపిస్తే, సారును అడిగి శనివారం తనతో తీసుకెళ్తుంది.

సున్నపు తేటలో పసుపు వేస్తే ఎర్రబడుతుంది. దాంట్లో నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ పోతే ఒకచోట ఎరుపు పోయి మళ్లీ పచ్చగా తిరుగుతుంది. ఎన్ని చుక్కలకు తిరిగిందో రాయాలి, అంతే. ముందు అక్క తాను చేసి, పద్దెనిమిది అని నోట్సులో రాసుకుంది. తర్వాత నాకు మూడు గ్లాసుల్లో ఎర్రనీళ్లు పెట్టి, ఇంకు ఫిల్లరు చేతికిచ్చి, గొర్రెలకు నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

మొదటి గ్లాసు తొమ్మిదో చుక్కకే పచ్చబడింది. రెండోదీ అంతే. నాకు చేతకాకే ఇలా అయిందనుకున్నాను. మూడో దాంట్లో నిమ్మరసం లెక్కాపత్రం లేకుండా ఒంపేసి, పలక మీద పద్దెనిమిది అని మూడుసార్లు ముద్దుగా రాసి కూర్చున్నాను.

అక్క వచ్చి చూసింది. తిట్టినా బాగుండేది, ఆమె నవ్వింది. నాకిచ్చిన సున్నపు తేటలో సగానికి సగం మంచినీళ్లు కలిపిందట.

“తొమ్మిదికే రంగు వోయింది, నీ కండ్లతోనే సూసినవ్ గదా! మరి గీ పద్దెనిమిది యాడికెల్లి తెచ్చినవే? మా గొర్లు గూడ జర మూతి వెట్టి సూసినంకనే నీళ్లు తాగుతయి.”

శనివారం పొద్దున్నే తలకు నూనె రాసుకుని బస్సు దగ్గర నిలబడ్డాను, మనసు మారుతుందేమోనని. అక్క నన్ను చూసి కూడా ఎక్కేసింది. కిటికీలోంచి ఒకే ఒక్క మాట అంది.

“తొమ్మిదని రాసుంటే తీస్కపోతుంటి.”

బస్సు వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ తీసుకెళ్లలేదు. బ్యూరెట్టును నేను మొదటిసారి చూసింది నేనే డిగ్రీలో చేరాక. ఆ రోజు క్లాసంతటిదీ ఒక అంకె, నాది ఇంకొకటి. ల్యాబు సారు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నాది నేనే రాశాను, మార్కులు తగ్గాయి. ఆ మార్కులు ఆయన దగ్గరే ఉండనీ అనుకున్నాను.

మనవరాలి రికార్డు పేజీని వెలుతురుకు పట్టి చూశాను. రబ్బరుతో గీకిన చోట కాగితం పలచబడి, కింద ఇంకో అంకె కనిపించింది. అందరిలా ముందే దించుకోకుండా ఈ పిల్ల మొదట తన కళ్లతో చూసి రాసిన అంకె అది. దాన్ని చెరిపేసి మంద అంకె వేసుకుంది. కోపం నషాళానికి అంటింది.

“మా గొర్లే నయం” అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ మాకు గొర్రెల్లేవు, ఆ మాట అనే అర్హతా నాకు లేదు. రికార్డు మూసి ఇచ్చేశాను.

పప్పులోకి నిమ్మకాయ పిండేటప్పుడు ఇప్పటికీ చుక్కలు లెక్కపెడతాను. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగుతుంది, బస్సు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఈ వయసులోనూ సిగ్గేస్తుంది.