ఓబులమ్మక్క తొట్టిలో సీసాలు

పోయిన నెల ప్రొద్దుటూరులో మా కూతురూ అల్లుడూ నన్ను హోటలుకు తీసుకుపోయారు. సర్వరు రెండు బీరు సీసాలు తెచ్చి, ఎవరినీ అడక్కుండానే స్ట్రాంగుది అల్లుడి ముందు, లైటుది కూతురి ముందు పెట్టాడు. వాళ్లు నవ్వుకుని సీసాలు మార్చుకున్నారు. మూత తీయగానే బుస్సుమన్న చప్పుడు, ఆ పులిసిన వాసన. సీసాలు మార్చుకోవడం ఎవరైనా చూశారేమోనని చుట్టూ బల్లల వైపు చూశాను. చూసినా ఇప్పుడేమీ కాదు. ఆ సంగతి నా ఒంటికి ఇంకా తెలియదు.

ఓబులమ్మక్క గుర్తొచ్చింది. పెద్దముడియం వైపు గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, జమ్మలమడుగులో పొట్టేలు కూర వండిపెట్టే చిన్న హోటలు నడిపిన మనిషి. నేను ఆమె దగ్గర మసాలా నూరేదాన్ని. మా ఆయన మా ఊరి పెద్దాయనకు జీపు తోలేవాడు. ఎన్నికలొస్తే జీపుల నిండా మనుషులు తిరిగేవాళ్లు. సీట్ల కింద ఏముండేదో అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. మధ్యాహ్నం మా దగ్గర అన్నం తింటూ పక్క షాపు నుంచి బీర్లు తెప్పించుకునేవాళ్లు. ఎర్ర కాగితం అంటించింది స్ట్రాంగు, మగవాళ్లది. తెల్ల కాగితం లైటు, దాన్ని ఆడోళ్ల బీరనేవాళ్లు. అప్పటికి నాకు అక్షరాలు రావు, ఆ రంగులే తెలుసు.

స్ట్రాంగు తాగితే మా ఆయనకు కళ్లు మసకలు కమ్మేవి. ఒకరోజు బండి తోలాలని తెల్ల కాగితం సీసా తెప్పించుకున్నాడు. పెద్దాయన బామ్మర్ది చిన్నప్ప అది చూశాడు.

"ఏం రా శివా, చీరె యాడ మర్చిపోయి వచ్చినావు?"

బల్లంతా గొల్లుమంది. మా ఆయన నవ్వలేదు.

"ఈపొద్దు దువ్వూరు పోతాండాం. స్టీరింగు ఇంకోడు పట్టుకుంటాడు. అందరికన్నా ముందు నువ్వు దిగల్ల. మొగోడివో కాదో ఆడ చూస్తాం."

"దిగుతా మామా," అన్నాడు మా ఆయన.

వంటింటి కిటికీలోంచి విన్నాను. అంతకుముందు ఏడు ఇట్లాంటి మాటకే రోషపడి అవతలి వర్గం ఊళ్లో ముందు దిగిన మా ఊరి పిల్లాణ్ణి దుప్పటిలో చుట్టి తెచ్చారు.

ఓబులమ్మక్క చేతులు కడుక్కుని బయటికి పోయింది. చిన్నప్ప ముందున్న ఎర్ర కాగితం సీసాను రెండు చేతులతో పట్టుకుని, దించకుండా తాగేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"చేదుగా ఉండాది, అంతే. యో చిన్నప్పా, నాకు మీసాలేమన్నా మొలిచినాయేమో చూడు."

మూలనుంచి ఒకాయన కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ నవ్వారు. చిన్నప్ప ఆమె మొహంలోకి చూసి, చివరికి తనూ నవ్వాడు.

"నీతో పెట్టుకోలేమక్కా."

"బండి తోలేటోనికి తాగిపిచ్చి గుంతలో పడతారా అందరూ? పాపా, వానికి మజ్జిగ తీసకరా," అని అక్క నన్ను కేకేసింది.

ఆ పూట జీపు మా ఆయనే తోలాడు. పొద్దు వాలేదాకా నేను నూరిన మసాలానే మళ్లీ నూరుతూ కూర్చున్నాను, అక్క వద్దనలేదు. వీధి మలుపులో జీపు హారన్ వినిపించాకే చేయి ఆపి అడిగాను.

"నీకు భయం కాలేదా అక్కా?"

"కాకేం పాపా. సీసా రెండు చేతుల్తో ఎందుకు పట్టుకున్న్యానో చూళ్లేదా? వణుకు."

మర్నాటి నుంచి బీర్లు తనే తెప్పించి నీళ్ల తొట్టిలో వేసేది. కాగితాలు నాని ఊడిపోయేవి. మూత రంగును బట్టి ఏదేదో పోల్చుకుని, లోపలే మూత తీసి స్టీలు గ్లాసుల్లో పోసి పంపేది. ఎవరేమడిగారో ఆమెకు తెలుసు, ఎవరేం తాగుతున్నారో పక్కవాడికి తెలియదు. చిన్నప్ప అడిగితే, "సల్లగుండాయి కదప్పా, తాగు," అనేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా ఆయన జ్వరమొచ్చి, మంచం మీద, నా చేతి నీళ్లు తాగి పోయాడు. ఆ రోజుల్లో అది అందరికీ దక్కిన చావు కాదు.

"అమ్మా, ఏం చేస్తాండావు?" అని ప్రొద్దుటూరు హోటల్లో కూతురు అడిగితే నా చేతుల వైపు చూసుకున్నాను. ముసలితనంలో దాని దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాను, ఇప్పుడు కనిపించినదల్లా కూడబలుక్కుని చదువుతాను. నా చేతిలో ఉన్న కూతురి సీసా మీద మాత్రం ఒక్క అక్షరమూ చదవలేదు. తడిసిన కాగితాన్ని గోటితో గీకి, మొత్తం ఊడదీసి, ఉండచుట్టి అరచేతిలో దాచుకుని ఉన్నాను.